అతుకు వేసిన గొట్టం

మా ఆయన వెర్లిన్‌కి గుండె రక్తనాళంలో స్టెంట్ వేసి ఇంటికి పంపినప్పటి నుంచి ఆ మనిషి నాకు బొత్తిగా కొరుకుడు పడటం లేదు. డాక్టరు రోజూ నడవమన్నారు. ఈయనేమో కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాడు. వాకిట్లో మంచు ఎత్తిపోసేది నేను, వీధి కింద ఉన్న పోస్టు డబ్బా దాకా దిగి మళ్ళీ ఆ ఏటవాలంతా ఎక్కేది నేను. అమెరికా ఉత్తరాన ఉన్న మా డులూత్ ఊళ్ళో ప్రతి వీధీ కొండే. శనివారాలు ఇద్దరం పోల్కా డాన్సుకి వెళ్ళే ఊసే లేదు. చివరికి తుమ్ము వచ్చినా ముక్కు పట్టుకుని ఆపుకుంటాడు. అడిగితే "బానే ఉన్నాలే" అంటాడు. మా వైపు మగవాళ్ళు కాలు విరిగినా అదే మాట అంటారు.

మొన్న ఆస్పత్రి నుంచి నర్సు కెల్సీ ఫోన్ చేసింది. స్టెంట్ వేయించుకున్నవాళ్ళు ఎలా ఉన్నారో కనుక్కోవడం ఆ అమ్మాయి పని. వెర్లిన్‌కి చెవుడు కాబట్టి ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు, మాటలు వంటింట్లో ఉన్న నాకూ వినిపిస్తున్నాయి.

"మెట్లెక్కితే ఛాతీలో నొప్పేమైనా వస్తోందా సార్?"

"లేదమ్మా."

"ఎత్తు మీదికి నడిస్తే?"

"అస్సలు లేదు."

"బాగా కోలుకున్నారు సార్."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో గిన్నె సింకులో పడేసి వచ్చాను.

"ఎక్కితే కదమ్మా నొప్పి తెలిసేది. ఈయన మెట్టు తొక్కి నెలలైంది. పడక కూడా కింద సోఫాలోనే."

"నువ్వూరుకో మార్లిస్."

"ఊరుకునే ఇంతదాకా తెచ్చుకున్నాను. ఎందుకు నడవవో ఆ పిల్లకి చెప్పు."

వెర్లిన్ ఫోన్‌ని దగ్గరికి లాక్కున్నాడు.

"అమ్మాయీ, జీవితమంతా ప్లంబరు పని చేశాను. పాత గొట్టానికి అతుకు వేస్తే, నీళ్ళ ఒత్తిడి పెరిగిన రోజు అది ఊడొస్తుంది. నా చేత్తో వేసినవే ఎన్నో ఊడాయి. నాకు వేసిందీ అతుకే కదా. అందుకే ఒత్తిడి పెంచట్లేదు."

బద్ధకమని నేను సాధిస్తున్న మనిషి ఇన్నాళ్ళూ భయంతో బిగుసుకుని కూర్చున్నాడు. జాలేసింది. వెంటనే మళ్ళీ కోపమూ వచ్చింది. ఒక్క మాట అడిగితే తీరిపోయేదానికి ఇన్ని నెలలా?

"అది ఇనప గొట్టం కాదు సార్, మీ ఒళ్ళు," అంది కెల్సీ. "ఈపాటికి స్టెంట్ మీద లోపలి పొర పెరిగి కప్పేసి ఉంటుంది. నడిస్తే ఊడదు. కూర్చుండిపోతేనే గుండెకి చేటు. మాత్రలు మానకండి, నెమ్మదిగా నడక మొదలెట్టండి. నొప్పొస్తే మాత్రం దాచకండి."

"అతుకు మీదికి గొట్టమే పెరుగుతుందా?"

"పెరుగుతుంది సార్."

"మరి ఆ ముక్క ముందే చెప్పరేం?"

"నువ్వడిగితే కదా," అన్నాను నేను.

ఫోన్ పెట్టేసి బూట్లు తొడుక్కుని బయటికి వెళ్ళాడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. పోస్టు డబ్బా దాకా దిగాడు. తిరిగి ఎక్కుతూ సగంలో ఆగి, ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. నేను ఇంటి చెప్పులతోనే మంచులోకి పరిగెత్తాను.

"ఏమైంది? నొప్పా?"

"నొప్పి లేదు. ఊడిందేమోనని చూసుకుంటున్నా."

"చాల్లే ఇవాళ్టికి. ఇంటికొచ్చి కూర్చో," అన్నాను, ఇన్ని నెలలూ నడవమని పోరిన నోటితోనే.

వెర్లిన్ నా చెయ్యి పట్టుకుని, మా ఇంటి ముందు ఆగకుండా, వీధి పైదాకా నడిపించాడు.