చొక్కాల మధ్య కాగితం

గురువారం పొద్దున రెడ్డెమ్మ, తను మామా అని పిలిచే కువైటీ యజమానురాలి తమ్ముడి తెల్లటి పొడుగు దిష్‌దాషాలన్నీ ఇస్త్రీ చేసి హ్యాంగర్లకు తగిలించి, బల్ల కింద దాచిన ప్లాస్టిక్ సంచీ బయటికి లాగింది. అందులో ఉన్నవి తను పెళ్లాడబోయే మునీంద్ర చొక్కాలు. ప్రతి శుక్రవారం ఊరివాళ్లంతా చేరే మాలియా బజారులో కలిసినప్పుడు మాసినవి ఇస్తాడు. ఈమె మామా కంట పడకుండా గురువారం వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, మర్నాడు మడత నలగకుండా తీసుకెళ్లి అందిస్తుంది. మంగఫ్‌లో కంపెనీ ఇచ్చిన రూములో పదిమందికీ ఒకటే ఇస్త్రీ పెట్టె అని మొదటిసారి చెప్పాడు. రెండోసారి ఏమీ చెప్పలేదు, సంచీ చేతిలో పెట్టాడంతే. మూడోసారి, "రేపైనా నువ్వు చేయాల్సిందే గదమ్మే, ఇప్పట్నుంచే అలవాటు చేసుకో" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకే తెలియదు. పదకొండేళ్లుగా జాబ్రియాలో ఈ ఇంట్లో తొమ్మిదిమంది బట్టలు చేస్తున్న మనిషికి ఇంకో నాలుగు చొక్కాలు ఒక బరువా అని తనకు తానే సర్ది చెప్పుకుంది.

రెండో చొక్కాకీ మూడో చొక్కాకీ మధ్య ఒక కవరుంది. "నీ తోటలో కరెంటు మీటరుకు కాగితం ఒకటి పెట్టినా, సంతకం చేసి తీసకరా. ఎంబసీలో స్టాంపు నేను ఏపిస్తా" అని పోయిన శుక్రవారం చెప్పాడు. రెడ్డెమ్మ ఏడో తరగతి దాకా చదివింది. పని తప్ప చదువుతో అవసరమే లేని ఇంట్లో ఇన్నేళ్లున్నా అక్షరాలు మరిచిపోలేదు. సంబేపల్లె దగ్గరి తన రెండెకరాల మామిడితోటను సాగు చేయడానికీ, తాకట్టు పెట్టడానికీ, అమ్మడానికీ మునీంద్రకు సర్వాధికారాలూ ఇస్తున్నట్టు అందులో ఉంది. జీపీఏ అన్నమాట. కరెంటు మీటరు ఊసు లేకపోలేదు, అట్టడుగున ఎక్కడో ఉంది. అమ్మడం మాత్రం పైనే ఉంది.

ఆ తోట ఆమెకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. మొగుడు మద్దిలేటి గుంతలు తవ్వితే, బేనీషా మొక్కలు నాటింది ఆమె. బోరు పడని మూడేళ్లూ బిందెలతో నీళ్లు మోసింది ఆమె. కూతురు గంగాదేవి కడుపులో ఉన్నప్పుడూ మోసింది. మద్దిలేటి మోటరు దగ్గర షాకు కొట్టి పోయినప్పుడు, దినాలైనా కాకముందే మరిది రామాంజనేయులు పక్కన చేరి, "ఆడదానివి, తోట నీకెందుకొదినా? మా పేర రాసేయి. నీకూ పాపకూ ఇంత సంగటి పెడతాంలే" అన్నాడు. సంగటి పెడతాడట! ఆ ఇంట్లో పొద్దూ మాపూ సంగటి కెలికిన చెయ్యి ఎవరిదో వాడికి గుర్తు లేదు. పాసు పుస్తకం తన పేరు మీదికి రావడానికి కువైట్ నుంచి వెళ్లిన ప్రతి సెలవులోనూ ఆఫీసుల చుట్టూ తిరిగింది. బిడ్డ తిరుపతిలో నర్సింగు చదువుతోంది. రేపు దానికంటూ ఏదైనా ఉందంటే ఆ తోటే.

ఇన్నేళ్ల తర్వాత పెళ్లి చేసుకోవాలనుకుంది. వచ్చే నెల ఇద్దరూ సెలవు పెట్టి ఊరికి పోయి గుడిలో పెళ్లి చేసుకోవాలని మాటనుకున్నారు. ఆ సంగతి ఎట్లా తెలిసిందో, మరిది ఫోను చేశాడు. "చేసుకో, వద్దనడానికి మేమెవురు? మా అన్న తోట మాత్రం వదిలేసి పో. ఇంకోని పెండ్లామువైనాక మా అన్న ఆస్తితో నీకేం పని?" అన్నాడు. వాడేమో వదిలేసి పొమ్మంటాడు, ఇతనేమో పట్టుకుని రమ్మంటాడు. చిత్రం కాకపోతే, ఆ తోటను తన దగ్గరే పెట్టుకుని బతకొచ్చునని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

మునీంద్ర చెడ్డవాడైతే ఏ చిక్కూ ఉండకపోను. భార్య పోయిన మనిషి, తాగడు, మాట మెత్తన. ఒకసారి రెడ్డెమ్మకు పన్ను నొప్పితో దవడ వాచిపోతే, డ్యూటీ దిగి రెండు బస్సులు మారి లవంగనూనె సీసా పట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. పదకొండేళ్లలో ఆమెకు నొప్పి అని ఈ దేశంలో ఎవరైనా వెతుక్కుంటూ రావడం అదే మొదలు. ఆ సీసా ఇప్పటికీ దిండు కింద ఉంది. ఆ సీసా ఇచ్చిన చెయ్యే ఈ కవరు కూడా పెట్టిందంటే నమ్మడానికి ఆమెకు మనసు రాలేదు. ఎవరో రాసిచ్చింది చదవకుండా పెట్టి ఉంటాడులే అనుకుంది. చొక్కాలు మళ్లీ సంచీలో కుక్కింది.

ఆ సాయంత్రం ఇంట్లో నికా, అంటే పెళ్లి ఒప్పందం రాసుకునే పని ఉంది. మామా చెల్లెలికి మొగుడు పోయి నాలుగేళ్లయింది, ఇద్దరు పిల్లలు. రిటైరైన ఒక టీచరును చేసుకుంటోంది. ముందు హాల్లో మగవాళ్లూ, సాక్షులూ, పెళ్లి రాసే పెద్దాయనా కూర్చున్నారు. లోపలి గదిలో ఆడవాళ్లు. మధ్య తలుపు ఓరగా తెరిచి ఉంది. రెడ్డెమ్మ యాలకుల కాఫీ పళ్లెంతో అటూ ఇటూ తిరుగుతోంది. పెద్దాయన ఏదో గట్టిగా చదువుతున్నాడు. బైత్ అంటే ఇల్లని ఆమెకు తెలుసు. ఆ మాట నాలుగైదుసార్లు వినపడింది. వంటగదిలోకి రాగానే జమీలా బీని అడిగింది. ఆ ఇంటి వంట ఆమెదే, సొంతూరు రాయచోటి.

"పెండ్లికూతురు షరతు రాపిచ్చింది మే," అంది జమీలా బీ గిన్నె మీంచి తల ఎత్తకుండా. "ఆ పక్కీదిలో ఇల్లుండాదే, మొదటి మొగుడిది, అది ఆమెదే. అద్దె ఆమెదే. పెండ్లైనాక కూడా పిల్లోళ్లతో ఆ ఇంట్లోనే ఉంటాదంట. ఈయప్ప దాంట్లో ఏలు పెట్టేదానికి లేదు."

"ఆయప్పకు కోపం రాలేదా?"

"ఎందుకొస్తాది? ఆమెది ఆమె చెప్పుకుంది. మా నికాలో అడగొచ్చు. అడిగేదానికి మాలాంటోళ్లకు ఏమీ ఉండదు గానీ, ఉంటే అడగొచ్చు."

రెడ్డెమ్మ కావాలనే మళ్లీ పళ్లెం పట్టుకుని వెళ్లి చూసింది. పెళ్లికొడుకు విసురుగా లేచిపోతాడనో, మొహం మాడ్చుకుంటాడనో అనుకుంది. ఆయన ఇంకో కప్పు పోయించుకుని తాగి, చాలన్నట్టు కప్పు ఊపి పళ్లెంలో పెట్టి, సంతకం చేశాడు. అంతే! ఇంత చిన్న పనా ఇది? ఈ ఇంటి ఆడవాళ్ల ఏడుపులు రెడ్డెమ్మ చూడనివి కావు. అదే ఇంట్లో తన పాసుపోర్టు మామా బీరువాలోనే ఉంటుంది, అదీ మరిచిపోలేదు. కానీ ఒక ఆడది ఇది నాది అంటే ఒక మగవాడు కాఫీ తాగి సంతకం పెట్టడం కళ్లారా చూసింది. అప్పటిదాకా అట్లాంటిది జరుగుతుందని ఆమెకు తెలియదు.

కప్పులు కడుగుతూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి మునీంద్రకు చేసింది.

"ఆ కాగితం చదివినా."

"చదివేదేముంది మే? సంతకం పెట్టు."

"అమ్మేదానికి అని రాసుండాది గదప్పా."

"అది అందరికీ రాసేదే. అమ్మేసి కడపలో ప్లాటు తీసుకుందాం. నా పేర అయితే లోను తొందరగా వస్తాది. నాదైతే ఏంది, నీదైతే ఏంది?"

"ఏమీ లేకుంటే నాదే ఉండనీ. తోట నాదీ, నా తర్వాత గంగాదేవిదీ అని నువ్వొక కాగితం రాసియ్యి."

ఈసారి అవతల్నుంచి వచ్చిన గొంతు లవంగనూనె తెచ్చిన మనిషిది కాదు. "నేనేమన్నా దొంగనా? నమ్మకం లేనిదానికి పెండ్లెందుకు? మన పక్క ఏ ఆడదైనా మొగున్ని కాగితం అడిగిందా? మొగుడూ పెండ్లాల మధ్య కాగితాలేంది? థూ! ఆ ఇంట్లో ఉండి ఉండి నీకు బుద్ధులు మారినాయి."

"కోపం చేసుకోవద్దులే," అంది రెడ్డెమ్మ. చూశారా! ఎదుటివాడు అరిస్తే చాలు, తప్పు ఎవరిదైనా ఆ మాట తన నోటినుంచే వస్తుంది. మద్దిలేటితో అట్లాగే అంది, అత్తతో అంది, మామాతో రోజూ అంటోంది. ఫోను పెట్టేశాక తన మీద తనకే మంటెక్కింది. కడిగిన కప్పునే మళ్లీ మళ్లీ తోముతూ నిలబడింది. జమీలా బీ వచ్చి కొళాయి కట్టేసి, "రేపు మునాఫ్ కాడికి పో. కాగితానికి కాగితమే జవాబు" అని చెప్పి వెళ్లింది.

మునాఫ్‌ది మాలియాలో టైపింగు షాపు. ఈ దేశంలో ఉండటానికిచ్చే ఇఖామా కాగితాలకైనా, ఊర్లో పొలం తగాదాకైనా కడప, రాయచోటి పక్కల జనం అంతా అతని దగ్గరికే పోతారు. శుక్రవారం మునీంద్ర వచ్చే వేళకు గంట ముందే రెడ్డెమ్మ అక్కడికి వెళ్లింది. ఎవరిని చేసుకుంటోందో చెప్పలేదు. రెండో పెళ్లి అనీ, తన ఆస్తి తనకే ఉండేటట్టు రాయాలనీ చెప్పింది.

"దానికేముందక్కా, మోడల్ రెడీగా ఉండాది," అన్నాడు మునాఫ్ హుషారుగా. అతని పద్ధతే అంత, ఒకరి కాగితం తీసి దాని మీదే ఇంకొకరి పేరు కొడతాడు. "పోయిన నెల్లో ఒకాయనకు వీలునామా చేసినా. ఆయనది కూడా రెండో పెండ్లే. మంచి తెలివైన మనిషి, ముందే జాగ్రత్త పడినాడు. మాటలన్నీ ఆయనే చెప్పి రాపించుకున్యాడు. సూడు, ఇట్ల సరిపోతాదా?" అని స్క్రీను ఆమె వైపు తిప్పాడు. పైన పేరు తీసేయాలన్న ధ్యాస కూడా అతనికి లేదు.

రెడ్డెమ్మ చదివింది. లక్కిరెడ్డిపల్లె కాపురస్తుడు మునీంద్ర అను నేను. నేను చేసుకోబోవు రెండవ భార్యకు గానీ, ఆమె మొదటి సంతానానికి గానీ నా ఇంటిలోను, భూమిలోను ఎట్టి హక్కును లేదు. వారు ఎన్నడూ నా ఆస్తి జోలికి రాకూడదు. సర్వమూ నా కుమారునికే చెందవలెను.

జోలికి రాకూడదు అన్న చోట ఆమె చూపు ఆగిపోయింది. తండ్రి అన్నవాడు కొడుక్కి రాసుకోవడంలో ఆమెకు తప్పేమీ కనపడలేదు. రాసుకోవలసిందే. కడుపు మండింది దానికి కాదు. అంటే అతనికి అన్నీ తెలుసు. జీపీఏ చదవకుండా పెట్టాడనుకున్న తను వెర్రిది. నమ్మకం వేరు, కాగితం వేరు అని తెలుసు. జాగ్రత్త పడటం అవమానం కాదని తెలుసు. తన దాకా వస్తే తెలుసు. నెల కిందట ఈ కుర్చీలోనే కూర్చుని తననూ తన బిడ్డనూ గడప బయట నిలబెట్టి వెళ్లి, అదే వారం తన చేతికి మాసిన చొక్కాలిచ్చాడు. తను వాటి కాలర్లు చేత్తో రుద్ది ఉతికింది.

"ఏందక్కా, మాటలు మార్చాల్నా?" అన్నాడు మునాఫ్.

"ఒక్క మాట కూడా మార్చొద్దు నాయినా. పేర్లు మార్చు. భార్య అన్న చోట భర్త అనూ. కొడుకు అన్న చోట కూతురు అనూ. కింద, దీనికి నేను ఒప్పుకుంటాండా అని, ఆయన సంతకానికి గీత కొట్టు."

"ఊర్లో వకీలుకు ఒకసారి చూపించుకో," అన్నాడు మునాఫ్ టైపు చేస్తూ. "ఏదెట్లున్యా జీపీఏ మాత్రం ఎవురికీ ఇయ్యొద్దక్కా."

మునీంద్ర ఎప్పుడూ కూర్చునే టీ కొట్టు బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు. రాత్రి ఏమీ జరగనట్టే నవ్వుతూ సంచీ కోసం చెయ్యి చాపాడు. తెరిచి చూసి, "ఇదేంది మే, మాసినవి మాసినట్లే ఉండాయి?" అన్నాడు.

"ముందు ఇది చదువు."

చదువుతుంటే అతని మొహం కందగడ్డలా అయింది. "ఎవుర్రా ఇది రాసింది? జోలికి రాకూడదంట! మనుషులు రాసే మాటలేనా ఇవి? కట్టుకోబోయేవాని గురించి ఇట్ల రాపించేదానికి చేతులెట్ల వచ్చినాయి నీకు?"

"నీదే మునీంద్రా," అంది రెడ్డెమ్మ. అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "పోయిన నెల మునాఫ్ కాడ నువ్వు చెప్పి రాపించిన మాటలే. పేర్లు మార్పించినా, అంతే."

అతను కాగితం వంక చూశాడు, రోడ్డు వంక చూశాడు. "అది... నా కొడుకు కోసరం..."

"నేనూ నా బిడ్డ కోసరమే. నీ కాగితం మీద నాకు కోపం లేదు. నా కాగితం మీద నీకెందుకు?"

బెంచీ మీద పక్కవాళ్లు చూస్తున్నారని అతను గొంతు తగ్గించి, "రూముకు పోయి ఆలోచించి చెప్తా" అన్నాడు. నిన్నటిదాకా అయితే సరేలే అని ఉండేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేసింది. జీపీఏ కాగితాన్ని అతని కళ్ల ముందే నిలువునా చించి చొక్కాల మీద వేసింది. సంచీ మూతి ముడేసి అతని ఒళ్లో పెట్టి, పెన్ను మూత తీసింది.

"నీ వీలునామా తీసకరా, దానికి సాక్షి సంతకం నేను పెడతా. దీని మీద ఇప్పుడు నువ్వు పెట్టు. పెట్టలేనంటావా, చొక్కాలు తీసుకుని మంగఫ్ బస్సెక్కు. నా తోట యాడికీ పోదు."