పటిక, బెల్లం

"ఓవెనన్న తీసెయ్యున్రి, ఇల్లన్న ఖాళీ చెయ్యున్రి. రెండిట్ల ఏదో ఒకటి."

ఇంటి ఓనరు రామచంద్రం మేడమెట్లు దిగివచ్చి, గుమ్మంలో నిలబడి ఈ మాట తేల్చేశాడు. అశోక్‌నగర్‌లోని ఆ ఇంటి కింది వాటాలో కమలాకుమారి ఎన్నో ఏళ్లుగా కిరాయికి ఉంటోంది. పిండి చేతులతోనే ఆయన ముఖంలోకి చూసింది. ఆమె భర్త శ్రీరామమూర్తి పేపరు కాస్త పైకెత్తుకుని దాని వెనక్కి వెళ్లిపోయాడు. ఇంతకీ ఈ గొడవంతా దేనికయ్యా అంటే, బెల్లానికి.

కమలాకుమారిది అనకాపల్లి. పెళ్లయి హైదరాబాదు వచ్చిందన్నమాటే గానీ, ఇక్కడి బజారు ముఖం ఆమె పెద్దగా ఎరగదు. వంటింట్లోంచి ఆవిడ చెప్పడం, ఆయన తేవడం, తెచ్చిందేదో ఆవిడ వండడం. మామగారికి ఉప్పు తగ్గాలి, అత్తగారికి కారం తగ్గాలి, మూర్తిగారికి నూనె తగ్గాలి. అందరికీ తగ్గిస్తూ తగ్గిస్తూ, తనకేం రుచో తనే మరిచిపోయింది. అరవై దాటాక ఒకరోజు, ఎవర్నీ అడక్కుండా, చిన్న ఓవెన్ ఒకటి కొనుక్కుంది. బన్నులు చెయ్యబోయి మొదట్లో మాడ్చింది, తర్వాత పచ్చిగా దింపింది, మూర్తిగారు కిక్కురుమనకుండా రెండూ తిన్నాడు. చివరికి చెయ్యి కుదిరింది.

చుట్టుపక్కల హాస్టళ్లలో గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే పిల్లలు వాసన పట్టుకుని గేటు దాకా వచ్చేశారు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చి, మెస్సుల్లో నీళ్ల పప్పు తిని తిని నాలుక చచ్చిపోయిన పిల్లలు. "కమలాంటీ బన్ను ఉందా?" అని అడిగేవాళ్లు. ఇన్నేళ్ల కాపురంలో తను వండినదానికి తన పేరు పెట్టి అడిగినవాళ్లు ఆ పిల్లలే. ఆ పిలుపు వింటే ఆమెకి కడుపు నిండిపోయేది.

అయితే ఆ బన్నులో ఆమెకే ఏదో వెలితి. చిన్నప్పుడు బెల్లం పాకం అడుగున మిగిలిన నల్లటి ముద్దని వేలితో గీరి నాకేవారు పిల్లలంతా. ఆ చిరుచేదు తీపి కావాలామెకి. పెద్ద సూపర్ మార్కెట్‌కి వెళ్లి నల్లబెల్లం అడిగింది. టక్కు చేసుకున్న కుర్రాడు బ్రౌన్ షుగర్ ప్యాకెట్ చేతిలో పెట్టాడు. "ఇది కాదు నాయనా" అంటే, "మా దగ్గర లేదంటే హైదరాబాద్‌లనే లేనట్టు ఆంటీ" అన్నాడు.

అంతే, అరికాలి మంట నెత్తికెక్కింది. బెల్లం ఊళ్లో పుట్టిన దానికి బెల్లం లేదని చెబుతాడా! వాడి గాజు తలుపులు దాటితే ఊరే లేదా!

ఆ మర్నాటి నుంచి ఆమె సంచీ భుజాన వేసుకుని తిరగడం మొదలెట్టింది. గోధుమలు కొని, చిక్కడపల్లిలో గిర్నీ దగ్గర నిలబడి, పిండి వేడెక్కిపోకుండా మెల్లగా ఆడించుకుంది. ముషీరాబాద్‌లో బర్రెలున్న ఒక ఇంట్లో చిలికిన వెన్న దొరికింది. నారాయణగూడలో ఒక బేకరీకి వెనక తలుపు ఉంటుందని కనిపెట్టి, అక్కడి మాస్టర్‌ని బతిమాలి, తడి ఈస్టు ముద్ద కోయించి కాగితంలో కట్టించుకుంది. ఇదంతా చేసి ఇంటికొచ్చిన రోజు కాళ్లు పీకుతున్నా పాట పాడుకుంటూ గిన్నెలు కడిగింది. ఇక మిగిలింది బెల్లం.

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో దాసయ్యది పాత కిరాణా దుకాణం. బస్తాల మధ్య ఆయన, ఆయన మధ్య బొజ్జ.

"నల్లబెల్లం ఉందా అండీ?"

దాసయ్య అటూ ఇటూ చూశాడు. "బర్ల దాణాకు తెచ్చిపెట్టిన. మీకెందుకమ్మా?"

"ఈస్టు దొరికిందిలెండి. ఇదొక్కటే తక్కువైంది. ఆ చేత్తోనే పటికబెల్లం కూడా ఇవ్వండి."

దాసయ్య చేతిలో తూకం గిన్నె జారింది. "అమ్మా, జర మెల్లగ. గిరాకీ ఉన్నది."

"పటికబెల్లం అడగడానికి గుసగుసలెందుకండీ!" అని ఆమె ఇంకాస్త గట్టిగా అంది.

ఆయన గబుక్కున లేచాడు. లోపలికి వెళ్లి, రెండు పొట్లాలు పేపర్లో చుట్టి, సంచీలో అడుగున పెట్టి, పైన కొత్తిమీర కట్ట కప్పి పంపించాడు. కొత్తిమీర కొసరు ఇచ్చాడు, ఎంత మంచివాడో అనుకుంది ఆవిడ.

ఇంటికొచ్చి చూస్తే ఒక పొట్లంలో నల్లబెల్లమే, రెండోది విప్పితే తెల్లటి గడ్డ. కాస్త నాకి చూసింది. నాలుక మొత్తం ముడుచుకుపోయింది. అది మంగలి షాపులో గడ్డం గీశాక రాసే పటిక! "ముసలాడికి కళ్లు పోయాయి" అని తిట్టుకుని, దాన్ని కిటికీలో పడేసి, మర్నాడు నారాయణగూడలో కంటితో చూసి, వేలితో చూపించి, అసలైన పటికబెల్లం తెచ్చుకుంది. దంచి బన్ను మీద చల్లితే ఓవెన్ వేడికి కూడా కరక్కుండా, పంటి కింద కరకరలాడుతుంది. ఆమెకి కావలసింది అదే.

కానీ దాసయ్య కళ్లు బాగానే ఉన్నాయి. చెవులే ఆయన ఊరి చెవులు. ఆయన ఊళ్లో పటికబెల్లాన్ని మిస్రీ అంటారు. కాబట్టి ఆవిడ ఒక్క వస్తువు అడిగితే ఆయనకి రెండు వినిపించాయి. పటిక, బెల్లం. దానికి తోడు ఈస్టు. తెలంగాణలో ఏ పల్లెలో పిల్లవాణ్ని అడిగినా చెబుతాడు, ఆ మూడూ కలిసి పులిస్తే గుడుంబా, అంటే నాటుసారా. దాసయ్య కడుపులో మాట దాచుకునే రకం కాదు. పైగా రామచంద్రం ఆయనకి పాత దోస్తు. పైపెచ్చు రామచంద్రం పనిచేసి రిటైరైంది ఆబ్కారీ శాఖలో.

అందుకే ఆ పొద్దున ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"సర్వీసంత గుడుంబ బట్టీలు పలగ్గొట్టిన మనిషిని," అన్నాడు. "నల్లబెల్లం, పటిక, ఈస్టు. గీ మూడు ఒక్క ఇంట్ల ఉంటే ఏమైతదో నాకు చెప్తరా? అగో, కిటికీల పటిక! గా గిన్నెల పులుస్తున్నదేంది?"

కమలాకుమారికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గిన్నె మీద మూత తీసింది. పిండిముద్ద పొంగి, బొద్దుగా గిన్నె అంచు దాకా వచ్చి ఉంది. తర్వాత డబ్బాలోంచి పటికబెల్లం పలుకు తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"నేనడిగింది ఇదండీ. నోట్లో వేసుకోండి."

ఆయన అనుమానంగా వేసుకున్నాడు. దవడ మెల్లగా కదిలింది. "ఇది మిస్రీ గద."

"మీకు మిస్రీ, మాకు పటికబెల్లం. దాసయ్యగారు నాకు పటిక కట్టిచ్చి, మీకు కథ కట్టిచ్చాడు."

రామచంద్రం ముఖం ఎర్రబడింది. అక్కడితో "తప్పయిందమ్మా" అని ఉంటే, టీ తాగి వెళ్లి ఉంటే, ఈ కథే లేదు. కానీ ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు.

"సరే, గుడుంబ కాదు. ఓవెన్ ఉంచుకోన్రి. గని నల్లబెల్లం మాత్రం నా ఇంట్లకు రావద్దు. తాటిచెట్టు కింద కూసొని పాలు తాగినా కల్లే అంటరు. సూపర్ మార్కెట్ల ఎర్ర చక్కెర దొరుకుతది, గది తెచ్చుకొని చేసుకోన్రి."

"కల్లంటారని పాలు తాగడం మానేస్తామా అండీ?"

"ఇల్లు నాదమ్మా. గీ ఇంట్ల నేను చెప్పినట్టే."

సరే అంటే అయిపోయేది. ఆ సంగతి కమలాకుమారికి తెలుసు. ఎర్ర చక్కెర వేసినా హాస్టల్ పిల్లలు తింటారు, ఒకరికీ తేడా తెలియదు. ఇల్లు నిలుస్తుంది. ఈ గోడలకి ఆమె ఎన్నిసార్లు సున్నం వేయించుకుందో, ఆ తులసికోటకి ఎన్ని చెంబుల నీళ్లు పోసిందో. కానీ ఇన్నాళ్లూ అందరికీ తగ్గించిన చెయ్యి ఇది. ఇంకొక్కసారి తగ్గిస్తే మరి ఎన్నటికీ లేవదనిపించింది. కోపం వచ్చింది, ఆయన మీద కంటే ఇన్నేళ్ల తన మీద.

"బెల్లం మారదండీ," అంది.

"అయితే ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వస్తది."

"చేస్తాం," అన్న మాట వినిపించింది.

అది ఆమె అన్న మాట కాదు. పేపరు వెనకనుంచి వచ్చింది. శ్రీరామమూర్తి పేపరు మడిచి, కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. పెళ్లయిన నాటి నుంచి 'సర్దుకుపోదాంలే' తప్ప మరో మాట ఎరగని మనిషి. "నెలాఖరుకి ఖాళీ చేస్తామండీ," అని మళ్లీ స్పష్టంగా చెప్పాడు. కమలాకుమారికి కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

ఆ రోజు నుంచి మూర్తిగారు టులెట్ బోర్డులు చూసుకుంటూ సందులన్నీ గాలించాడు. గాలి వస్తుందా, నీళ్లు వస్తాయా అని అడగడు. ముందు వంటింట్లోకి వెళ్లి, గోడలన్నీ వెతికి, "పదిహేను ఆంపియర్ల ప్లగ్గుందా?" అంటాడు. గాంధీనగర్‌లో ఒకాయన, "ఇల్లు చూడనీకొచ్చిన్రా, కరెంటు చూడనీకొచ్చిన్రా?" అని కసురుకున్నాడట. చివరికి చిక్కడపల్లిలో ఒక పాత ఇంట్లో, గదులు ఇరుకే గానీ, వంటింట్లో ప్లగ్గు దొరికింది.

సామాను ఎక్కించే రోజు హాస్టల్ పిల్లలు వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. ట్రాలీ ఆటోలో అన్నిటికంటే ముందు ఓవెన్ ఎక్కింది. రామచంద్రం మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. వెళ్లిపోతారని ఆయన నిజంగా అనుకున్నట్టు లేదు.

"ఇంకొక్కపాలి సోచాయించి చూడున్రి అమ్మా," అన్నాడు కాస్త మెత్తగా. "ఒక్క బెల్లం కోసం ఇంత మొండితనమా?"

"బెల్లమొక్కటే కాదండీ. నా పొయ్యి మీద ఏం ఉడకాలో ఇంకొకరు చెబితే అది నా వంటిల్లెలా అవుతుంది?"

అప్పుడు ఆయన వెనకనుంచి దుర్గమ్మ దిగివచ్చింది, ఆయన భార్య. భర్త మాట్లాడుతుండగా ఆవిడ నోరు విప్పడం ఆ వాడలో ఎవరూ విని ఉండరు. ఆయన్ని చేత్తో కాస్త పక్కకి జరిపి, గేటు దగ్గరికి వచ్చింది.

"వదినె, కొత్త ఇల్లు యాడ?"

"చిక్కడపల్లిలో, గిర్నీ పక్క సందులో వదినగారూ."

"వచ్చే ఆదివారం మా మనవరాలి పుట్టినరోజు. పెద్ద కేకు కావాలె."

రామచంద్రం దగ్గాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు.

"నల్లబెల్లందే చెయ్యాలె. మా అమ్మ రొట్టెలు నలిపి మలీద ముద్దలు నల్లబెల్లంతోనే చేస్తుండె. ఈయన ఆబ్కారీల నౌకరి జెయ్యబట్టి నేను గా రుచి చూడక ఎన్నేండ్లాయెనో. బెల్లం నువ్వు కొనకు. దాసయ్య దుకాణం నుంచి ఈయన తెచ్చిస్తడు."

సామాను ఎత్తుతున్న పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. రామచంద్రం భార్య వీపు వైపు చూసి, మెట్ల మీద నుంచి కిందికి దిగాడు.

కమలాకుమారి ట్రాలీ ఎక్కి ఓవెన్ పక్కన కూర్చుంది. అది పడకుండా ఒక చెయ్యి దాని మీద వేసి, ఆయనకేసి చూసింది.

"శుక్రవారానికల్లా ఇచ్చేయండి రామచంద్రంగారూ," అంది. "మెరిసే పసుపుబెల్లం వద్దు. నల్లగా ఉన్నదే అడిగి తెండి, కొంచెం గట్టిగా అడగండి."