సరే మేస్త్రి జవాబు

బావా బావమరిదీ పక్కపక్కన కూర్చుని రొట్టె తింటున్నారు. బావ సంచీలో బావమరిది పేరిట ఒక ఉత్తరం ఉంది. ఉందని ఇద్దరికీ తెలుసు. అది అందితే బావమరిది కొంప మునుగుతుంది, అందకపోతే బావ కొంప మునుగుతుంది. ఇద్దరూ ఉండేది ఒకే కొంప కావడంతో ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు.

“బావా, ఆ వెన్న గిన్నె ఇటు తొయ్యి.”

తోశాడు. పనిలో పనిగా ఉత్తరం కూడా తోసేద్దామని చెయ్యి లాగింది. కానీ ఇంట్లో ఇస్తే చెల్లదు. పని జరిగే చోట, పనివేళల్లో, మనిషి చేతికే ఇచ్చి సంతకం తీసుకోవాలని కాంట్రాక్టులో రాసి ఉంది. ఆ సంగతి బావమరిదికీ తెలుసు. అందుకే అంత నిబ్బరంగా రొట్టెకు వెన్న రాస్తున్నాడు. వంటింట్లోంచి అక్కగారు ఇద్దరికీ కలిపి ఒకటే భోజనం క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

“దెబ్బలాడుకోకుండా తినండి మధ్యాహ్నం” అంది.

బావగారిని పనిలో అందరూ సరే మేస్త్రి అంటారు. పొట్టి మెడ, బండ భుజాలు, ఎంత తోమినా సిమెంటు వదలని గోళ్లు. ఎవరేం చెప్పినా ‘సరే’ అనడం తప్ప మరో మాట ఎరగడు. ఒకసారి యజమాని వచ్చి ఇక్కడ తలుపు పెట్టమంటే సరే అన్నాడు. సాయంత్రం ఇంజనీరు వచ్చి అదే చోట కిటికీ అంటే దానికీ సరే అన్నాడు. చివరికి ఆ గోడలో తలుపూ కాక, కిటికీ కాక ఒక కంత మిగిలింది. మనిషి దూరలేడు, కూర్చుని బయటికి చూడనూలేడు. ఆ కంతను చూడడానికి పక్క భవనాల నుంచి కూడా మేస్త్రీలు వచ్చి వెళ్లారు.

అలాంటి మనిషిని కాంట్రాక్టుల గదిలో కూర్చోబెట్టడం కంపెనీ చేసిన వింతే. మోకాళ్లు పాడైపోయాయి, పరంజా ఎక్కలేడు, పాత మనిషిని పొమ్మనలేక ఈ కుర్చీ ఇచ్చి, పని నేర్పమని కాంట్రాక్టుల మేడంకి అప్పజెప్పారు. ఆవిడది అతని కూతురి వయసు. కోపం మాత్రం అత్తగారిది.

“మేస్త్రిగారూ, ఇందులో బ్రహ్మవిద్యేం లేదు” అని మొదటిరోజే చెప్పింది. “ఎవరేమడిగినా రాసివ్వమనండి. రాసిచ్చాక గడువులోపు మనం జవాబివ్వాలి. ఇవ్వకపోతే వాళ్లడిగింది ఒప్పుకున్నట్టే.”

ఆ చివరి మాట విన్నప్పుడు సరే మేస్త్రికి ఒళ్లు జలదరించింది. పెళ్లయిన కొత్తలో మామగారు “మావాడు స్థిరపడేదాకా నీ దగ్గరుంటాడు నాయనా” అన్నారు. అతను నీళ్లు నమిలాడు. ముందుగది పోయింది. తర్వాత మంచం పోయింది. గోడవైపు పడుకునే హక్కూ పోయింది. ఇన్నేళ్లూ అందరూ తనకి అన్యాయం చేశారనుకుంటున్నాడు. తీరా చూస్తే అంతా కాంట్రాక్టు ప్రకారమే జరిగింది!

ఇప్పుడా బావమరిది, ఈ కంపెనీ కడుతున్న భవనంలోనే నేల టైల్సు పరిచే కాంట్రాక్టు పుచ్చుకుని, వానల వల్ల పని ఆగింది, గడువు పెంచండి అని రాశాడు. మేడం పడీ పడీ నవ్వింది. “పైకప్పు కింద పనిచేసేవాడికి వానేంటండీ?” నవ్వు ఆపి, కళ్లద్దాలు సర్దుకుంది. “మీ బావమరిదని తెలుసు. అందుకే మీకిస్తున్నా. జవాబు మీరే రాయండి, మీరే ఇవ్వండి. గడువు రేపు సాయంత్రం దాకా. ఇది మీవల్ల అయితే ఈ కుర్చీ మీదే. కాకపోతే నేనేం చెయ్యలేను, మళ్లీ పరంజానే.”

ఆ రేపు ఇవాళే.

పని మొదలైన గంట మోగేసరికి బావమరిది మాయమయ్యాడు. లిఫ్టు ఇంకా పెట్టలేదు. సరే మేస్త్రి మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. మొదటి అంతస్తులో “ఇప్పుడే పైకెళ్లాడు” అన్నారు. పైన “ఇప్పుడే కిందికెళ్లాడు” అన్నారు. భవనానికి రెండువైపులా మెట్లుండడం ఎంత అనవసరమో అతనికి అప్పుడు తెలిసొచ్చింది. ఆ రెండోవైపు మెట్లు కట్టించింది తనే. ఎవరో అడిగితే సరే అన్నాడు.

ఎదుటి కిటికీలోంచి బావమరిది తల బయటికి పెట్టాడు.

“బావా! మోకాళ్లు జాగ్రత్త, ఎక్కకు!”

“ఆగరా వెధవా!”

“ఆగితే ఇచ్చేస్తావుగా!”

టైల్సు పరిచేవాళ్లు పని మానేసి చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం గంట మోగింది. భోజనం వేళ పనివేళ కాదు. బావమరిది ఎక్కడినుంచో చల్లగా వచ్చి క్యారేజీ ముందు బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే గిన్నెలోంచి పెట్టుకు తిన్నారు. కూరలో బావకి పడని వంకాయ ముక్కలు బావమరిది ఏరి తన వైపు వేసుకున్నాడు, బావ తను ఒలిచిన గుడ్డు బావమరిది కంచంలో పెట్టాడు. అక్క ఉప్పు తక్కువేసిందని ఇద్దరూ ఏకాభిప్రాయానికొచ్చారు. సరే మేస్త్రి సంచీ ఒళ్లో పెట్టుకుని చెవులు రిక్కించి కూర్చున్నాడు. గంట మోగింది. సంచీ తాడు ముడిపడింది. ముడి విప్పేసరికి బావమరిది చెయ్యి కూడా కడుక్కోకుండా కాళ్లకు బుద్ధి చెప్పాడు.

పొద్దు వాలుతున్నప్పుడు సరే మేస్త్రి మూడో అంతస్తు మలుపులో మెట్టు మీద కూలబడ్డాడు. మోకాళ్లు బిగుసుకుపోయాయి. పైకి పోలేడు, కిందికి దిగలేడు. ఉత్తరం చేతిలో చెమటకు మెత్తబడింది. ఇక అయిపోయిందనుకున్నాడు. రేపు మళ్లీ పరంజా. ఈ కాళ్లతో అక్కణ్ణుంచి పడితే జవాబు చెప్పే పని కూడా ఉండదు. ఏడుపొచ్చింది. చుట్టూ ఎవరూ లేరు కదాని కాసేపు ఏడ్చాడు కూడా.

పైనుంచి చెప్పుల చప్పుడైంది.

“నిజంగా లేవలేవా, నాటకమా?”

“నాటకంలో నీతో పోటీ పడగలనట్రా?”

బావమరిది రెండు మెట్లు దిగి, ఎదురుగా గొంతుక్కూర్చుని, అతని మోకాళ్లు నొక్కడం మొదలుపెట్టాడు. ఆ చేతులకు సున్నపు పొడి.

“అది నాకివ్వకపోతే నీకేమవుతుంది?”

“పరంజా ఎక్కిస్తారు.”

“ఇస్తే?”

“నీ పని ఇంకొకడికిచ్చేస్తారు.”

బావమరిది రెండో మోకాలికి మారాడు.

“ఒక్కసారి సరే అనేయొచ్చుగా బావా. అందరికీ అన్నావు.”

“అన్నాన్రా. నువ్వెందుకు అబద్ధం రాశావు మరి? పనివాళ్లు దొరకలేదంటే నేనే మేడం కాళ్లావేళ్లా పడేవాణ్ణి. ఇంటి కప్పు కింద వానేంట్రా?”

“ఏదో ఒకటి రాయాలి కదా అని...” తల గోక్కున్నాడు. “నువ్వు చదవవనుకున్నా.”

అతను చెయ్యి చాచాడు. సరే మేస్త్రి ఉత్తరం ఇవ్వలేదు. చెయ్యి చాచిన మనిషికి ఇవ్వడం పరిగెత్తే మనిషికి ఇవ్వడం కన్నా కష్టంగా ఉంది. బావమరిదే మెల్లగా వేళ్ల మధ్యనుంచి లాక్కుని, మడత విప్పి, పైకి చదివాడు. “లోపలి పనికి వాన అడ్డం కాదు. గడువు పెంచడం కుదరదు.” ఇంకోసారి చదివాడు. “నువ్వే రాశావా?”

“నేనే.”

“బాగుంది బావా. తిరుగులేదు.” బావ వీపు మీదే పెట్టుకుని సంతకం చేశాడు. ఆపైన అతని చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని మూడంతస్తులూ దింపాడు.

మేడం సంతకం చూసింది, గడియారం చూసింది, లేచి నిలబడి కుర్చీ చూపించింది. సరే మేస్త్రి కూర్చున్నాడు. సంతోషంగానే ఉంది, లేదని ఎలా అంటాడు? వెనక్కి మాత్రం వాలలేదు. టైల్సు పని కోసం ఇంకో మనిషికి కబురు పెట్టే కాగితం ఆవిడ తన చేతే రాయించింది. రాసి, ముద్ర వేసి, దస్త్రంలో పెట్టి, బాగా చీకటి పడ్డాక ఇల్లు చేరాడు.

ముందుగది ఖాళీగా ఉంది. మంచం మీద పరుపు చుట్టి పెట్టి ఉంది.

“తమ్ముడు వెళ్లిపోయాడండీ” అంది భార్య. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది. “వేరే ఊళ్లో పనుందట. పెట్టె పట్టుకుని బస్సెక్కేశాడు. మీమీద కోపమేం లేదన్నాడు.”

“ఆపొచ్చు కదా!”

“ఆపాను. వింటేనా? బావకి కాళ్లు చాపుకోడానికి ఇన్నాళ్లకి ఒక గది దొరికింది, ఉండనీ అన్నాడు.”

సరే మేస్త్రి మంచం అంచున కూర్చున్నాడు. కాళ్లు చాపుకోడానికి బోలెడంత చోటుంది. చాపబుద్ధి కాలేదు. వాడు ఈ గదిలో ఉన్నప్పుడు గురకో దగ్గో, ఏదో ఒకటి పక్కగదిలోకి వినిపించేది. కాళ్లు కడుక్కుందామని లేచి పెరటి వైపు నడిచాడు.

“ఉండండుండండి! అక్కడ కాలు పెట్టకండి!” భార్య లాంతరు పట్టుకుని వెనకే పరిగెత్తుకొచ్చింది. “రేపు పొద్దుటిదాకా ఆరాలన్నాడు.”

ఆవిడ తడి గోనెపట్టా ఓ మూల ఎత్తి లాంతరు చూపించింది. గడప నుంచి పెరట్లోకి ఉన్న ఎత్తులో సగానికి ఒక కొత్త మెట్టు లేచింది. ఇటుకలు పేర్చి, మిగిలిపోయిన టైలు ముక్కలు అతికించాడు. ఏ రెండు ముక్కలూ ఒక రంగువి కావు. సరే మేస్త్రి గోడ పట్టుకుని వంగి అంచు మీద వేలు పెట్టి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

“ఎవరడిగారు వాణ్ణి?” అన్నాడు వేలు తియ్యకుండానే.

“ఎవరూ అడగలేదు. ఇక్కడ దిగినప్పుడల్లా మీరు అబ్బా అంటారుగా. వినపడేదట వాడికి.”

రేపటి ఎండకు బీటలివ్వకుండా ఆ గోనెపట్టా తడిపి మెట్టు మీద వాడే కప్పి వెళ్లాడు. దాని అంచుల నుంచి నీళ్లు ఇంకా ఒక్కో చుక్కా కారుతున్నాయి.