ఆగని నమస్కారం

"పదకొండుకు నాగేశ్వరి మేడమ్ ఒస్తది. గప్పటికి గీ బోర్డు నడ్వకపోతే రేపట్నించి నువ్వు రాకు," అన్నాడు మా ఓనరు లింగస్వామి.

మా దుకాణం దిల్‌సుఖ్‌నగర్‌లో. నాగేశ్వరిగారు వనస్థలిపురంలో ఒక అపార్ట్‌మెంటు సెక్రటరీ. వాళ్ల నీళ్ల మోటారు నడపడానికి అరచేయంత కంప్యూటర్ బోర్డు తయారుచేశాం. దాని రీసెట్ సర్క్యూట్ సోల్డరింగ్ నాదే. గురువారం సాయంత్రం నేను హాస్టల్‌కి వెళ్లేదాకా బంగారంలా నడిచింది. శుక్రవారం పొద్దున ఏ మాయరోగం తగిలిందో, దాని చిన్న తెర మీద 'నమస్కారం' అంటుంది, ఆరిపోతుంది, మళ్లీ నమస్కారం.

"ఏంది సింధూరా గిది? ఎలక్షన్ల నిలబడ్డోడు గూడ గిన్ని దండాలు పెట్టడు!"

ఒళ్లు మండింది. భయమూ వేసింది. ఈ ఉద్యోగం పోతే మా నాన్న మర్నాడే తెనాలి బస్సెక్కిస్తాడు.

రీసెట్‌లో బ్రహ్మవిద్యేమీ లేదు. చిప్పు రీసెట్ పిన్ను దగ్గర మూడు వోల్టుల పైచిలుకు ఎప్పుడూ ఉండేలా ఒక చిన్న రెసిస్టర్ చూసుకుంటుంది. రీసెట్ బటన్ నొక్కితే పిన్ను గ్రౌండుకి, అంటే సున్నా వోల్టుకి, కలిసి వోల్టేజీ పడిపోతుంది. బోర్డు అంతా మరిచిపోయి మొదటికొస్తుంది. మీటరు పెట్టి చూస్తే వోల్టేజీ పడుతూ లేస్తూ ఉంది. రెసిస్టర్ బాగుంది. నా సోల్డరింగూ బాగుంది. మరి బటన్ ఎవడు నొక్కుతున్నాడు?

అప్పుడు కనబడింది, బటన్ నెత్తిన ఎర్రగా, రూపాయి బిళ్లంత. శుక్రవారం మా దుకాణంలో షట్టరు నుంచి స్క్రూడ్రైవరు దాకా బొట్టు లేని వస్తువుండదు. అందుకే ఇంతసేపూ కంటికి ఆనలేదు.

"ఇదెవరు పెట్టారు సార్?"

"నేనే. పొద్దుగాల పూజ జేసిన. గదే ముఖ్యమైన బటన్ అంటివి గదా, జర ఎక్కువ పెట్టిన."

తడి పసుపూ కుంకుమా బటన్ కాళ్ల మధ్యకి కారి, పిన్నునీ గ్రౌండునీ కలిపేశాయి. నోటిదాకా వచ్చిన తిట్టు మింగి, స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టాను. ఒక్కటే నమస్కారం. తర్వాత ట్యాంకులో నీళ్ల మట్టం చూపే అంకె వచ్చి నిలబడింది.

అప్పుడే నాగేశ్వరిగారు వచ్చారు. చూసి, "బాగుందమ్మా" అన్నారు.

లింగస్వామి మురిసిపోయాడు. "జర ఆగుండ్రి మేడమ్, బొట్టు పెట్టి ఇస్త," అంటూ కుంకుమలో వేలు ముంచాడు.

ఆ చెయ్యి పట్టుకుని ఆయన నుదుటికే ఆనించాను.

"ఇక్కడ పెట్టుకోండి సార్. చెడిపోవడానికేమీ లేదు."

నాగేశ్వరిగారు పకపకా నవ్వారు.

"రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాను.

"తొమ్మిదికి," అని గొణిగాడు, నుదురు తుడుచుకోకుండానే.