ఒక్కసారే చేసిన లెక్క

మిల్లుకీ క్వార్టర్లకీ మధ్య, రైలు పట్టాల మీదుగా ఇనుప తాళ్ళతో వేలాడదీసిన నడక వంతెన ఎంత ఊగుతుందో ఇంజనీరుగా లెక్క కట్టింది నేనే. ఆ సంగతి కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయింది మా అక్క. నేనూ తక్కువ తినలేదు, బాగానే ఫోజు కొట్టాను.

అక్క ఆ మిల్లులో గుడ్డ తనిఖీ చేస్తుంది. ప్రతి తానునీ బల్ల మీద పరిచి చూసి, తిరగేసి మళ్ళీ చూస్తుంది. "ఇంకోసారి చూస్తే పోగులు మారిపోతాయా ఏంటి?" అని ఏడిపించేదాన్ని. నవ్వి, తానుని ఇంకోసారి తిరగేసేది.

వంతెన తెరిచి వారమైనా జనం ఎక్కలేదు. కాస్త ఊగుతోందని భయపడి, అరగంట చుట్టు తిరిగి రైలు గేటు దారిలోనే పోయేవాళ్ళు. "మధ్యాహ్నం షిఫ్టు వదిలేటప్పుడు ఒకసారి కొలిచి చూపించండి మేడమ్, వాళ్ళకీ ధైర్యం వస్తుంది," అని మిల్లు మేనేజరు నన్ను పిలిపించాడు. ఊపు కొలిచే పెట్టెని వంతెన నడిమధ్య బిగించి, దాని అంకెలు చూపే తెరని చేత్తో పట్టుకుని క్వార్టర్ల వైపు నిలబడ్డాను.

రెండింటికి సైరన్ మోగింది. అవతలి చివర మొదట కనిపించింది అక్కే. వెనకాల షిఫ్టు షిఫ్టంతా ఉంది.

"మా చెల్లి కట్టిన లెక్క, భయమెందుకు, రండి," అంటోంది. ఆ గొంతు నాదాకా వినిపించింది. వాళ్ళని చూసి ధైర్యం తెచ్చుకుని, పనిలోకి వెళ్ళే తర్వాతి షిఫ్టువాళ్ళు కూడా నా వెనక వచ్చి నిలబడ్డారు. ఆ క్షణాన నా అంత గొప్పది ఇంకెవరూ లేరనిపించింది.

తెర మీద ఒక సెంటీమీటరు. రెండు. మూడు. నా కాగితం మీదా మూడే, హద్దు ఐదు. ఆ తర్వాత నాలుగున్నర. ఏడు.

ఏడు రావడానికి వీల్లేదు.

ఈ తాళ్ళు కిందికి లాగితే బిగుస్తాయి, వంతెన పైకి లేస్తే వదులై ఊరుకుంటాయి. అలాంటిదాన్ని ఉన్నదున్నట్టు లెక్కించడం తలనొప్పి. అందుకని దాని బదులు, ఎప్పుడూ ఒకేలా లాగే మామూలు స్ప్రింగు ఉందనుకుంటాం. ఎంత గట్టి స్ప్రింగు అన్నది ఊపుని బట్టి ఉంటుంది. ముందు ఊపు ఇంత అని ఊహించి, దానికి తగ్గ స్ప్రింగు పెట్టి లెక్క చేయాలి. వచ్చిన ఊపు ఊహించినదానితో కలవకపోతే, కొత్త ఊపుతో మళ్ళీ మొదలుపెట్టాలి. కలిసేదాకా అంతే. నేను ఊహించింది ఒకటి, వచ్చింది మూడు. హద్దులోపే ఉందిగా అని సంతకం పెట్టి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను.

మూడు సెంటీమీటర్లు ఊగే వంతెన, ఒక సెంటీమీటరు ఊగే వంతెనంత గట్టిగా ఉండదు. మెత్తబడేకొద్దీ అది ఊగే వేగం తగ్గి, మనుషుల నడక వేగంతో కలిసిపోతుంది. ఇప్పుడు కలిసిపోయింది.

పదకొండు. పడిపోకుండా ఉండాలని అందరూ ఒకే తాళంలో అడుగులేస్తున్నారు, ప్రతి అడుగూ ఊపుని ఇంకా పెంచుతోంది. ఎవరో కెవ్వుమన్నారు. కొందరు పరుగందుకోబోయారు. పరిగెత్తితే ఊపు ఇంకా పెరుగుతుంది.

"అక్కా, కూర్చో. అందర్నీ కూర్చోమను," అని గొంతు చించుకుని అరిచాను.

ఎందుకని అడగలేదు అక్క. ఉన్నచోటే చతికిలబడింది. "మా చెల్లి కూర్చోమంటోంది, కూర్చోండి," అని చుట్టూ ఉన్నవాళ్ళ చేతులు పట్టి లాగింది. ఒకరిని చూసి ఒకరు కూలబడ్డారు. అంకెలు దిగాయి. ఏడు, నాలుగు, ఒకటి.

ఒక్కొక్కరే పాకుతూ దిగారు. అక్క అందరికన్నా ఆఖరున వచ్చింది, మోకాళ్ళు రెండూ గీరుకుపోయాయి. నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమైందే?"

"లెక్క తప్పు నాదే అక్కా. మళ్ళీ మళ్ళీ చేయాల్సింది. హద్దులో ఉందని వదిలేశాను."

"ఎన్నిసార్లు చేశావు?"

"ఒక్కసారే."

అక్క నా మొహంలోకి చూసింది. తిట్టినా బాగుండేది. మెల్లగా భుజం మీంచి చెయ్యి తీసేసి, ఊపు ఆగిందిలే అని వంతెన ఎక్కబోతున్న తర్వాతి షిఫ్టువాళ్ళ వైపు తిరిగింది.

"ఎక్కకండి. గేటు దారినే పొండి."

"అదేంటి, మీ చెల్లి కట్టిన లెక్కే కదా?" అన్నాడు ముందున్నతను.

"అవును," అంది అక్క, నావైపు చూడకుండా. "అందుకే చెబుతున్నాను."