శుక్రవారం వేసుకోని మాత్ర

మా అక్క దేవకుమారి ఎప్పుడూ ఫిట్టే, ఫిట్స్ వచ్చినప్పుడు తప్ప. కంచరపాలెంలో ఫిట్స్ వచ్చి ఆమె ఇడ్లీబండి మూతపడిన రోజులన్నీ శనివారాలే. శని పట్టిందన్నారు వీధివాళ్లు. ఏడో తరగతిలో ఉన్న కూతురు మిరియం శనిని వదిలేసి శుక్రవారాన్ని పట్టుకుంది. శుక్రవారం అక్కకి ఉపవాస ప్రార్థన. నోట్లో ఏమీ పడకూడదని ఫిట్స్ మాత్ర కూడా మానేసేది. అన్నానికీ మాత్రకీ నోరొకటే కదా!

అలా మా మిరియం పెద్దయ్యాక ఫార్మకాలజీలో పడింది. నేను ఫారం కాలేజీ అనుకుని కోళ్లెన్ని అని అడిగాను.

"కోళ్లేటి మావయ్యా! మింగిన మందు ఒంట్లో ఏటి చేస్తాదో చూసే చదువు."

మందు మీద మా బావ కూడా జీవితాంతం పరిశోధన చేసి, అందులోనే పోయాడు. డాక్టరేట్ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

అమ్మ మింగే మాత్రే మిరియం థీసిస్: రక్తంలో అది గంటగంటకీ ఎలా తగ్గుతుందని. గురువారం వైవా అన్నారు. కూతురు నెగ్గాలని అక్క మంగళవారం నుంచి మూడు రోజులు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని మొక్కేసుకుంది.

"మాత్ర తిండి కాదని పాస్టరుగారే చెప్పారమ్మా."

"అయ్యగారు నీకు సెప్పారు. నాను దేవుడికి సెప్పాను."

గురువారం పొద్దున్న మిరియం ఏడ్చేసింది. "నీ ఒంట్లో మందు అయిపోయిందమ్మా. నాను వెళ్లను."

"మానేత్తావా? మానెయ్. మళ్లీ డేటెప్పుడో కనుక్కో. మళ్లీ మొదలెడతాను."

మిరియం నా చేతిలో ఒక స్ప్రే పెట్టింది. "ఫిట్స్ రాగానే ముక్కులో కొట్టు మావయ్యా. ఐదు నిమిషాలు దాటితే 108కి చెయ్యి." వెనక్కి చూసుకుంటూనే యూనివర్సిటీకి మద్దిలపాలెం ఆటో ఎక్కింది.

పదకొండున్నరకి అక్క ఒళ్లు బిగుసుకుంది. స్ప్రే కొట్టి గడియారం చూస్తూ కూర్చున్నాను. నాలుగో నిమిషంలో చేతులు వదులయ్యాయి.

వైవా అవగానే మిరియం ఫోను చేసి, విని, అరగంటలో వచ్చిపడింది. అప్పటికి అక్క కళ్లు తెరిచింది.

"నెగ్గినావా?"

"నెగ్గానమ్మా. ఇప్పుడైనా వేసుకో."

అక్క బుద్ధిగా మాత్ర మింగింది. నీళ్లు తాగింది. కూతురి బుగ్గ నిమిరింది.

"సూసినావా, దేవుడు విన్నాడు. రేపట్నించి మూడ్రోజులు కృతజ్ఞత ఉపవాసం ఉంటాను తల్లీ."

డాక్టర్ మిరియం నా వైపు చూసింది. నేను ఇంకో స్ప్రే తేవడానికి చెప్పులేసుకున్నాను.