కొసరి వడ్డించిన ఊపిరి

నేను ఒక ఆక్సిజన్ మీటర్ని. ఒక గాజు గొట్టం, అందులో రేగుపండంత కూడా లేని గుండు, పక్కన తిప్పే మర, అంతే నా ఒళ్లు. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, తెనాలిలో ఒక ఆసుపత్రి గోడకు వచ్చి తగులుకున్నాను. పద్నాలుగేళ్లు మనుషుల్ని చూశాక తెలిసిందేమిటంటే, ఊపిరి సంగతి వీళ్లకు ఏమీ తెలియదు. అదృష్టం కొద్దీ ఆ పని వీళ్ల చేతిలో లేదు.

మెదడు అడుగున ఒక కాపలావాడు ఉన్నాడు. వాడు ముఖ్యంగా కనిపెట్టేది ప్రాణవాయువును కాదు, నెత్తురులో చేరే బొగ్గుపులుసు వాయువును. అది కాస్త పెరిగితే చాలు, "ఊఁ, పీల్చు" అని తరుముతాడు. నమ్మకపోతే ముక్కూ నోరూ మూసుకుని కూర్చోండి. మీ పౌరుషం నిమిషంలో తేలిపోతుంది.

నా కింది మంచం మీద చేరిన చలమయ్య పెళ్లివంటల మేస్త్రి. నలభయ్యేళ్లు కట్టెపొయ్యి పొగ మింగాడు. ఊపిరితిత్తులు పాడై ఆ వాయువు లోపలే పేరుకుపోయింది. ఏళ్ల తరబడి అదే గోలైతే కాపలావాడు మాత్రం ఎంతకని పట్టించుకుంటాడు? ఇక వాణ్ణి కాస్తో కూస్తో లేపి ఉంచేది ప్రాణవాయువు కొరతే. అదీ పూర్తిగా తీర్చేస్తే వాడు కునుకు తీస్తాడు. అప్పుడు ఊపిరీ మందగిస్తుంది. దానికి వేరే కారణాలూ ఉన్నాయట, వాటి సంగతి డాక్టర్లు చూసుకుంటారు. అందుకే డాక్టరు నిమిషానికి రెండు లీటర్లు చాలని, నన్ను రెండు అంకె దగ్గర పెట్టి, నా మీదే ప్లాస్టరు అంటించి "రెండు దాటొద్దు" అని రాశాడు.

రాస్తే ఏం? పక్కన ఉన్నవాళ్లు ఎవరు? విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసే జనం. ఎవరైనా చాలంటే మొహమాటం అనుకునే జనం.

మధ్యాహ్నం బావమరిది కోటిలింగం క్యారేజీతో వచ్చాడు. నన్ను చూడగానే మొహం చిట్లించాడు.

"పదిహేను దాకా ఉంది గదక్కా, రెండే పెట్టారేంటి? మరీ ఇంత పిసినారితనమా?"

"నువ్వే కాస్త తిప్పరా. మీ బావ ఆయాసపడుతున్నాడు," అంది చలమయ్య భార్య వజ్రమ్మ.

నాలుగు చేశాడు. పోనీ అని ఆరు. వజ్రమ్మ తన వంతు ఇంకొకటి పెంచింది. నాకు నోరుందా చెప్పడానికి? గుండు పైకి లేపడం నా పని, లేపాను.

కాసేపటికి చలమయ్య ఆయాసం తగ్గింది. కళ్లు మూతలు పడ్డాయి.

"ఎన్నాళ్లకు నిద్ర పట్టిందిరా," అని వజ్రమ్మ సంబరపడింది.

నిద్రట, నిద్ర! ఊపిరి నిమిషానికి ఏడెనిమిదిసార్లయినా ఆడటం లేదు. అక్కా తమ్ముడూ ఆ పక్కనే కూర్చుని పులిహోర తిన్నారు.

నర్సు సుగుణమ్మ వచ్చి భుజం పట్టి కుదిపింది. అతను పలకలేదు. ఆమె నా వంక చూసి, గబగబా కిందికి తిప్పి డాక్టర్ని పిలిచింది. గాలి ఊదే మిషను తెచ్చి మొహానికి మాస్కు బిగించారు.

"ఎవరమ్మా తిప్పింది?" అన్నాడు డాక్టరు.

"మేమే. తక్కువైందేమోనని..." వజ్రమ్మ మాస్కు సర్దబోయింది. "లేస్తాడా?"

"చూడాలి. ఏదీ ముట్టుకోకుండా కూర్చోండి."

ముట్టుకోకుండా కూర్చోవడం ఆమె జన్మలో ఎరగదు. మూడు గంటలు అదే చేసింది. నాకూ భయమేసింది, ఒప్పుకుంటాను.

పొద్దుగూకే ముందు చలమయ్య కళ్లు తెరిచాడు. కాసేపు మాస్కు తీసి, నన్ను మళ్లీ రెండు దగ్గర పెట్టారు. వజ్రమ్మ చెయ్యి అలవాటుగా నా మర వైపు కదిలింది. అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అడక్కుండా వడ్డించకే," అన్నాడు.

అడుగుతూ నిలబడొద్దు, వేసుకుంటూ పొండి అని నలభయ్యేళ్లు పంక్తుల్లో కేకలేసిన మనిషి. వజ్రమ్మ చెయ్యి తీసి కొంగులో దాచుకుని ఏడ్చింది.

ఆ తర్వాతా ఎందరో వచ్చారు, తిప్పారు. మర అరిగిపోయి నిరుడు నన్ను స్టోరు గదిలో పడేశారు. ఆ ప్లాస్టరు ముక్క ఇంకా నా మీదే ఉంది. చదివేవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు.